హోమ్‌లో ఒక రోజు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కూర్చునే మాట్లాడుతున్నాను, మన్నించాలి. నాకు చదువు చెప్పిన గురువులెవరూ ఇప్పుడు లేరు. నేను చదువు చెప్పిన పిల్లలు మాత్రం ఈ హాల్లో చాలామందే కనిపిస్తున్నారు. వాళ్లలో కొందరికి నాకన్నా ఎక్కువ జుట్టు నెరిసింది.

ఉత్సవ కమిటీ వారు నాకిచ్చిన విషయం ‘వృద్ధాప్యంలో ఆనందం’. ఫోను చేసిన అబ్బాయి నా దగ్గర తొమ్మిదో తరగతిలో సైన్సు చదువుకున్నవాడే. “నాయనా, ఆనందం గురించి చెప్పేవాళ్లు బయట చాలామంది ఉన్నారు. నేనుంటున్న చోట రోజు ఎలా గడుస్తుందో, అక్కడ ఏం పోతాయో, పోయాక మనిషి ఎలా నిలబడతాడో చెప్తాను. సరేనా?” అన్నాను. సరే అన్నాడు. కానీ ఆహ్వానపత్రికలో ‘ఆనందం’ అనే వేశారు. పరవాలేదు.

నేనిప్పుడు ఉంటున్నది విశాఖపట్నంలో, వృద్ధులకు నర్సింగు సంరక్షణ ఇచ్చే ఒక హోమ్‌లో. మన వాళ్లు దేన్నైనా ‘వృద్ధాశ్రమం’ అనేస్తారు. ఆ మాట అనగానే ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది, మా అబ్బాయిని మనసులో తిట్టుకుంటారు. అంచేత ముందు ఆ సంగతి తేల్చేస్తాను. నాలుగేళ్ల క్రితం వాకిట్లో జారిపడి తొడ ఎముక మెడ దగ్గర విరిగింది. ఆపరేషను అయింది. ఆయన అంతకు రెండేళ్ల ముందే పోయారు. అబ్బాయి, కోడలు ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు. రమ్మన్నారు, వెళ్లాను, ఆరు నెలలున్నాను. పదకొండో అంతస్తులో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నేను, పని అమ్మాయి, లిఫ్టు చప్పుడు. లేచి బాత్రూముకి వెళ్లాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అప్పుడు నేనే అడిగాను, నర్సులుండే చోట చేర్చమని. చేర్చిన రోజు మా అబ్బాయి ఏడ్చాడు. నేను ఏడవలేదు. నెల తర్వాత ఏడ్చాను, అది వేరే సంగతి.

మన ప్రాంతానికి ఇలాంటివి కొత్త కాదు. విశాఖలో ప్రేమ సమాజం వారు అనాథ పిల్లలతోపాటు వృద్ధులనీ ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో కూడా జిల్లాకొకటైనా కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమం ప్రభుత్వం పెట్టవచ్చని రాశారు. 2022 ఏప్రిల్ 4న మన అనకాపల్లి కూడా జిల్లా అయింది కనుక ఆ సంగతి ఇక్కడున్న పెద్దలు గుర్తుంచుకోవాలి. 2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల మందికి పైన. ఇప్పుడు ఇంకా ఎక్కువే ఉంటారు. అంతమందికీ పదకొండో అంతస్తులు సరిపోవు.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను.

పొద్దున్నే ఐదున్నరకి లైటు వేస్తారు. ఆరుకి టీ. ఎనిమిదింటికి ఆయాల డ్యూటీ మారుతుంది, ఆ గంటసేపు ఎవరినీ పిలవకూడదని అందరికీ తెలుసు. టిఫిను, మాత్రలు, రోజు విడిచి రోజు స్నానం. పన్నెండున్నరకి భోజనం, మూడున్నరకి టీ, ఏడుకల్లా రాత్రి తిండి. తొమ్మిదికి లైటు ఆపుతారు. ఇందులో తప్పేమీ లేదు. నలభై మందిని నడపాలంటే గడియారం ఉండాల్సిందే. బడి నడిపినవాళ్లకి ఆ మాత్రం తెలుసు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. యాభై ఏళ్లు నా వంటింట్లో నేను టీ పెట్టుకున్నాను. నాలుగింటికి మెలకువ వస్తే నాలుగింటికే. ఇప్పుడు మెలకువ నాలుగింటికే వస్తుంది, టీ మాత్రం ఆరింటికి. భర్త పోయారని చెబితే ప్రపంచమంతా ఓదారుస్తుంది. “ఆరింటిదాకా టీ లేదు” అని ఎవరికి చెప్పుకుంటాం? చెబితే నవ్వుతారు. ఆ రెండు గంటలు మంచం మీద పడుకుని చీకట్లోకి చూస్తూ ఉంటే, ఆయన పోయిన దుఃఖం కూడా ఆ టీ పక్కనే వచ్చి కూర్చుంటుంది. ఏది దేనికోసం ఏడుస్తున్నామో తెలియదు.

హోమ్‌లో మనిషిని అరగదీసేవి ఇలాంటివే. ఉతికిన బట్టలు కలిసిపోతాయి. మీ చీర ఇంకొకరి ఒంటి మీద కనిపిస్తుంది, ఆవిడకి మతిమరుపు, అడగలేరు. అంచేత మేమందరం ఇప్పుడు జాకెట్ల లోపల, చీర చెంగు మూల ఎర్రదారంతో గుర్తు కుట్టుకుంటున్నాం. వినికిడి మిషను దుప్పట్లో చుట్టుకుని లాండ్రీకి పోతుంది. కొత్తది వచ్చేదాకా మీరు సభలో ఉండీ లేనట్టే. కట్టుడు పళ్లు గ్లాసులో పెట్టి పడుకుంటే ఎవరో ఆ నీళ్లు పారబోస్తారు. టీవీ రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం. రైల్వేలో చేసిన ఒక పెద్దాయన మా హాల్లో రిమోటు మీద కూర్చునేవారు. నిజంగానే, దానిమీద కూర్చునేవారు. ముప్ఫై ఏళ్లు స్టేషను నడిపిన మనిషి, చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా మరి. కూరలో ఉప్పు నలభై మందికీ ఒకటే. బీపీ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ. బీరువా తాళాలు ఆఫీసులో ఉంటాయి.

నా మట్టుకు నేను చేసింది ఏమిటంటే, చేరిన రెండో నెలలో మేనేజరు గారి దగ్గరికి వాకరు తోసుకుంటూ వెళ్లి రెండు అడిగాను. ఒకటి, మంచం పక్క చిన్న అల్మరా తాళం నా దగ్గరే ఉండాలి. రెండు, ఒక ఫ్లాస్కు. రాత్రి వేడినీళ్లు పోసి ఇస్తే పొద్దున నాలుగింటికి టీ పొడి సంచీ ముంచుకుని నేను తాగుతాను. ఆయన చాలాసేపు ఆలోచించారు, ఒలికి కాలుతుందని భయం. చివరికి ఒప్పుకున్నారు. ఆ టీ బాగుండదు. అయినా అది నా టీ.

సైన్సు టీచర్ని కనుక ఇక్కడ ఒక ప్రయోగం చెప్పకుండా ఉండలేను. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోంలో చేసినది. ఒక అంతస్తులోని వాళ్లకి తలా ఒక మొక్క ఇచ్చి, “ఇది మీది, మీరే నీళ్లు పోసుకోవాలి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి, గదిలో సామాను మీ ఇష్టం వచ్చినట్టు సర్దుకోండి” అన్నారు. ఇంకో అంతస్తులోని వాళ్లకి కూడా మొక్కలిచ్చారు, సినిమా చూపించారు. కానీ “నీళ్లు నర్సులు పోస్తారు, రోజు మేం చెప్తాం, మీకన్నీ మేం చూసుకుంటాం” అన్నారు. చూడడానికి రెండోదే ఎక్కువ ప్రేమగా ఉంది, కాదా? మూడు వారాల తర్వాత చూస్తే మొదటి అంతస్తువాళ్లు ఎక్కువ చురుగ్గా, ఎక్కువ కలివిడిగా ఉన్నారు. ఏడాదిన్నర తర్వాత మళ్లీ చూస్తే మొదటివాళ్లలో 47 మందికి 7గురు, రెండోవాళ్లలో 44 మందికి 13 మంది చనిపోయి ఉన్నారు. ఈ చివరి అంకెలనే అందరూ గొప్పగా చెప్తారు. నేను చెప్పను. ఆ గణాంకాల లెక్కలో పొరపాటుందని తర్వాత ఆ పత్రికలోనే సవరణ వేశారు. సవరించాక చావుల తేడా అంత గట్టిగా నిలవలేదు. మొక్కకి నీళ్లు పోస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఉన్న రోజులు వేరుగా ఉంటాయన్నది మాత్రం నేను కళ్లారా చూశాను. ఆ చూసింది అమెరికాలో కాదు, నా పక్క మంచం మీద.

నా గదిలో ఉండే ఆవిడది మన అనకాపల్లి దగ్గర పల్లెటూరే. చెరకు రైతుల ఇల్లు. ఊరి పేరు చెప్పను, వాళ్ల వాళ్లు ఇక్కడ ఉండవచ్చు. భర్త పోయాడు, ఉన్న ఒక్క కొడుకూ లారీ ప్రమాదంలో పోయాడు. చెల్లెలి కొడుకు నెలనెలా డబ్బు కడతాడు. చదువు లేదు. వచ్చిన కొత్తలో గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. నేను పలకరిస్తే, “నీకేటి తల్లీ, పించను వస్తాది, కొడుకు ఫోను సేస్తాడు” అనేది. నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒకరోజు ఎవరో పుట్టినరోజని పాయసం పెట్టారు. ఆవిడ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కన పెట్టేసింది. “ఇదేటి బెల్లం? మందు ఏసీసినారు దీన్లో” అంది. అదే మొదటిసారి ఆవిడ గొంతు అంత గట్టిగా వినడం. మనందరికీ తెలిసిన విషయమే కదా, బెల్లం బంగారంలా మెరవాలని పెనంలో హైడ్రోస్ కలుపుతారు, మార్కెట్లో రంగుని చూసే రేటు కడతారు కనుక. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని వంటమనిషిని పిలిపించి పాఠం చెప్పింది. రసం ఎప్పుడు కాచాలి, సున్నం ఎంత వెయ్యాలి, మడ్డి ఎలా తీయాలి, బెండ జిగురు ఎందుకు వేస్తారు, పాకం నీళ్లలో వేస్తే ఎలా ఉండ కట్టాలి. నేను ముప్ఫై నాలుగేళ్లు సైన్సు చెప్పాను, అంత బాగా ఏ రోజూ చెప్పలేదు.

ఆ మర్నాడు వంటమనిషి బెల్లం కొనుక్కొచ్చి ముందు ఆవిడ దగ్గరికి తెచ్చాడు. ఆవిడ దిమ్మని గోరుతో గీకి, వాసన చూసి, ముక్క నోట్లో వేసుకుని, “ఇది ఒద్దు, నల్లది తే” అంది. అప్పట్నుంచి మా హోమ్‌లో ఆవిడ సరేనంటే తప్ప బెల్లం వంటింట్లోకి వెళ్లేది కాదు. ఎవరూ ప్రణాళిక వేసి ఇచ్చిన పని కాదు అది. గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం తగ్గింది. కొడుకు గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. బెల్లం గురించి చెప్తూ చెప్తూ మధ్యలో వాడు చిన్నప్పుడు పెనం దగ్గర వేడి పాకం నాకి నాలుక కాల్చుకున్న సంగతి చెప్పి, ఏడ్చి, కళ్లు తుడుచుకుని మళ్లీ బెల్లంలోకి వచ్చేది.

ఈ ‘వెళ్లి రావడం’ గురించి ఒక మాట చెప్పాలి. దుఃఖానికి ఐదు మెట్లున్నాయని మీరు వినే ఉంటారు: నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం. 1969లో ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే డాక్టరమ్మ పుస్తకంలో వచ్చిన మాట. కానీ ఆవిడ రాసింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి, వాళ్ల గురించి. దాన్ని తీసుకొచ్చి మిగిలినవాళ్లందరికీ తగిలించారు. మా హోమ్‌కి కౌన్సెలింగుకి వచ్చిన ఒక అమ్మాయి నన్ను “ఆంటీ, మీరిప్పుడు ఏ స్టేజిలో ఉన్నారు?” అని అడిగింది. “వాకరు స్టేజిలో” అన్నాను. మంచి పిల్లే, చదివింది అడిగింది. నాకు ఎక్కువ నిజమనిపించినది నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు 1999లో చెప్పినది. మనిషి మెట్లెక్కడు, అటూ ఇటూ ఊగుతాడంటారు వాళ్లు. కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు చెయ్యాల్సిన పనుల వైపు. రెండూ కావాలి. ఎప్పుడూ ఏడుస్తూ ఉన్నా చెడ్డదే, ఎప్పుడూ “నేను బాగున్నాను” అంటూ ఉన్నా చెడ్డదే. మా బెల్లం ఆవిడ ఈ పుస్తకాలేవీ చదవలేదు.

పోయిన ఏడాది కార్తీక మాసంలో ఆవిడ పోయింది. నిమోనియా. ఆస్పత్రికి తీసుకెళ్లారు, నాలుగో రోజు.

ఇక్కడ మా హోమ్‌లో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. ఎవరైనా పోతే మిగిలినవాళ్లకి చెప్పేవారు కాదు. మా మంచికేనని వాళ్ల ఉద్దేశం, ముసలివాళ్లు బెంగపెట్టుకుంటారని. అడిగితే “ఆస్పత్రిలో ఉన్నారు”, “వాళ్లబ్బాయి తీసుకెళ్లాడు” అనేవారు. మాకు తెలియదా? ఆ గదిలో ఫినాయిలు వాసన వస్తుంది. మధ్యాహ్నానికి పరుపు డాబామీద ఎండలో కనిపిస్తుంది. పరుపు ఎక్కిందంటే మనిషి లేనట్టే. భోజనాల దగ్గర నలభై మందిమీ ఆ ఖాళీ కుర్చీని చూడనట్టు నటించేవాళ్లం. ఇంతకన్నా ఒంటరితనం నేను ఎక్కడా చూడలేదు. ఎందుకంటే అప్పుడు ప్రతివాళ్లకీ వచ్చే ఆలోచన ఒకటే: రేపు నేను పోయినా ఇంతే, మా అబ్బాయి తీసుకెళ్లాడని చెప్తారు.

మన బడి నుంచి బొజ్జన్నకొండకి నడిచివెళ్లిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. శంకరం మనకి మూడు కిలోమీటర్లే. ఆ కొండ కింద కూర్చోబెట్టి మా తెలుగు మాస్టారు కిసాగోతమి కథ చెప్పారు. చచ్చిపోయిన బిడ్డని ఎత్తుకుని బతికించమని బుద్ధుడి దగ్గరికి వస్తే, చావు ఎరగని ఇంటినుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు, ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది, దొరకలేదు. పన్నెండేళ్లప్పుడు నాకు ఆ కథ బుద్ధుడి తెలివిలా అనిపించింది. ఇప్పుడు చూస్తే అందులో పని చేసినది ఆ ఇళ్లవాళ్లు. తలుపు తీసి, “మా ఇంట్లో కూడా పోయారమ్మా” అని ఆవిడతో చెప్పారు. ఒక్కళ్లు కూడా “మా వాళ్లు ఊరెళ్లారు” అని అనలేదు.

అంచేత ఆవిడ పరుపు డాబా ఎక్కిన రోజు మేం ఆరుగురం కలిసి ఆఫీసుకి వెళ్లాం. రిమోటు పెద్దాయన కూడా వచ్చారు. “మాకు చెప్పండి. పొద్దున టిఫిను దగ్గర, పేరు పెట్టి చెప్పండి” అన్నాం. మేనేజరు గారు కాదనలేదు, కానీ “అందరూ తట్టుకోలేరండీ” అన్నారు. “తట్టుకోలేనివాళ్ల పక్కన మేం కూర్చుంటాం” అన్నారు రైల్వే పెద్దాయన. మర్నాడు పొద్దున ఉప్మా వడ్డించకముందు మేనేజరు గారు నిలబడి పేరు చెప్పారు. ఇద్దరు పెద్దగా ఏడ్చారు. ఒకావిడకి బీపీ పెరిగి డాక్టరు రావాల్సి వచ్చింది, అది కూడా దాచకుండా చెప్పాలి. కానీ ఆ రోజు భోజనాల దగ్గర అందరూ ఆవిడ గురించే మాట్లాడుకున్నారు. వంటమనిషి నల్లబెల్లంతో పరమాన్నం చేశాడు. తర్వాత ఇప్పటికి మరో ముగ్గురు పోయారు. ముగ్గురి పేర్లూ చెప్పారు.

ఇప్పుడు బెల్లం చూసే పని నాది. నాకేమీ తెలియదు, ఆవిడ చేసినట్టే గోరుతో గీకి వాసన చూస్తాను. వంటమనిషి గౌరవంగా ఎదురుగా నిలబడతాడు.

నాకు అన్నీ సర్దుకున్నాయని మీరనుకోకూడదు. ఆయన పోయిన రోజు వస్తే ఇప్పటికీ నేను ఎవరితోనూ మాట్లాడను. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర మొదలైందని పేపర్లో చదివితే, ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పని దర్శనం తప్పిందే అని కడుపులో తిప్పుతుంది. ఇల్లు అద్దెకిచ్చాం. అద్దెకున్నవాళ్లు పెరట్లో నా కరివేపాకు చెట్టు కొట్టేశారని తెలిసిన రోజు, ఎముక విరిగిన రోజుకన్నా ఎక్కువ ఏడ్చాను. ఇలాంటివాటిని ఎవరూ తగ్గించలేరు. వచ్చి వినేవాళ్లుంటే చాలు, అలా విన్నా తగ్గవు, కానీ చెప్పిన రాత్రి నిద్ర పడుతుంది.

అందుకని సంఘం వారిని ఒకటి అడగాలనే ఇంతదూరం వచ్చాను. మన పూర్వ విద్యార్థుల్లో డెబ్బై దాటినవాళ్లు, పిల్లలు దూరంగా ఉన్నవాళ్లు, హోముల్లో ఉన్నవాళ్లు ఎవరెవరో సంఘం దగ్గర జాబితా లేదు. చందాల జాబితా మాత్రం ఉంది. దానిలోనే ఒక కొత్త గడి గీయండి: ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నారు, ఎవరు చూస్తున్నారు. ఇంట్లో ఇబ్బంది పడుతున్నవాళ్లు ఎవరైనా కనిపిస్తే 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరుంది, ఉచితం, ఆ నంబరు వాళ్ల చేతిలో పెట్టండి. అడగడానికి సిగ్గుపడతారు, మీరే కలిపి ఇవ్వాలి.

చూడడానికి వస్తే యాపిల్ పళ్లు తేకండి. మాలో సగం మందికి షుగరు, మిగతా సగానికి పళ్లు లేవు. ఏదైనా పని తీసుకుని రండి. మీ మనవడి సైన్సు ప్రాజెక్టు తెండి, తగువు తెండి, తప్పులు దిద్దాల్సిన కాగితాలు తెండి. ఈ సావనీరు ప్రూఫులు నాకు పంపి ఉంటే నేను దిద్ది ఉండేదాన్ని. “ఎలా ఉన్నారు?” అని అడిగి ఫోను చూసుకోకండి. అరగంట చాలు, కానీ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోండి, మాకు దూరం మాట వినపడదు. మా దగ్గర చూడడానికి వచ్చే వేళ సాయంత్రం నాలుగు నుంచి ఆరు. ఆదివారం రద్దీగా ఉంటుంది, బుధ గురువారాలు ఎవరూ రారు. ఆ రోజుల్లో రండి.

చివరగా ఒక చిన్న సహాయం. 1967 ఎస్సెస్సెల్సీ బ్యాచి గ్రూపు ఫొటో ఒకటి నా అల్మరాలో ఉంది, ఈరోజు సంచీలో తెచ్చాను. ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఏడుగురి పేర్లు వెనక రాసుకున్నాను. అమ్మాయిల వరుసలో ఎడమ నుంచి నాలుగో పిల్ల, రెండు జడలు, చేతిలో జామెట్రీ బాక్సు పట్టుకుని నిలబడింది. ఆ పేరు ఎవరికైనా తెలిస్తే భోజనాల దగ్గర నాకు చెప్పండి. పెన్ను కూడా తెచ్చుకున్నాను.